మార్చిన కిడ్నీని కాపాడే మాత్ర.. లోపల అసలు పని చేసేదెవరు? సైక్లోఫిలిన్ ప్రోటీన్ కథ ఇదీ!

ఉదయం ఎనిమిది, రాత్రి ఎనిమిది. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ల ఇంట్లో ఈ రెండు టైములూ అందరికీ గుర్తే. జీవన్‌దాన్ ద్వారా వచ్చిన కిడ్నీ అయినా, కన్నతల్లి ఇచ్చిన కిడ్నీ అయినా సరే.. ఆ టైముకు మాత్ర పడాల్సిందే. లేదంటే ఒంట్లోని రక్షణ వ్యవస్థ కొత్త కిడ్నీని ‘బయటి నుంచి వచ్చిన శత్రువు’ అనుకుని దాడికి దిగుతుంది.

ఆ మాత్రల్లో పాతకాపు సైక్లోస్పోరిన్. అవయవ మార్పిడి చరిత్రను మలుపు తిప్పిన మందు ఇది. అయితే దీని గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈ మందు ఒంటరిగా ఏమీ చేయలేదు. మన కణాల్లోనే ఉండే ఒక ప్రోటీన్‌ను పట్టుకుని, దానితో కలిసి మాత్రమే పని చేస్తుంది. ఆ ప్రోటీన్ పేరే సైక్లోఫిలిన్.

విచిత్రం ఏంటంటే.. ఇదే ప్రోటీన్‌ను హెచ్‌ఐవీ వాడుకుంటుంది, హెపటైటిస్-సి వైరస్ వాడుకుంటుంది. గుండెపోటు వచ్చినప్పుడు కణాలు చచ్చిపోవడంలోనూ దీని కుటుంబానికి చెందిన ఒకటి చేయి వేస్తుంది. ఇంతకీ ఎవరీ సైక్లోఫిలిన్? మంచిదా, చెడ్డదా?

నార్వే మట్టిలో దొరికింది

కథ 1969లో మొదలైంది. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో శాండోజ్ అనే మందుల కంపెనీ ఉండేది. తర్వాత నోవార్టిస్‌లో కలిసిపోయింది. ఈ కంపెనీ ఉద్యోగులు సెలవులకు ఎక్కడికి వెళ్లినా, అక్కడి మట్టిని చిన్న సంచుల్లో తెచ్చేవారు. మట్టిలోని బూజుల నుంచి కొత్త యాంటీబయాటిక్ ఏదైనా దొరుకుతుందేమోనని ఆశ. అలా హాన్స్ పీటర్ ఫ్రే అనే ఉద్యోగి నార్వేలోని హార్డంగర్‌విడ్డా పీఠభూమి నుంచి తెచ్చిన మట్టిలో ఒక బూజు దొరికింది. దాని నుంచి తీసిన పదార్థమే సైక్లోస్పోరిన్.

యాంటీబయాటిక్‌గా అది పెద్దగా పనికిరాలేదు. అక్కడితో మూలన పడేసి ఉంటే కథ ముగిసేదే. కానీ 1972లో శాండోజ్‌లో జాన్ ఫ్రాన్స్వా బోరెల్, హార్ట్‌మన్ స్టెహెలిన్‌ల బృందం ఒక విషయం గమనించింది. ఈ పదార్థం మిగతా కణాల జోలికి పెద్దగా పోకుండా రక్షణ వ్యవస్థను అణచివేస్తోంది. అప్పటిదాకా మార్పిడి రోగులకు వాడే మందులు ఎముక మజ్జను కూడా దెబ్బతీసేవి. ఇది అలా చేయడం లేదు.

బ్రిటన్‌లోని కేంబ్రిడ్జ్‌లో సర్జన్ రాయ్ కాల్నే దీనిపై కన్నేశారు. మందు నీళ్లలో కరగదు. గ్రీసు నుంచి వచ్చిన యువ సర్జన్ ఆల్కిస్ కొస్టాకిస్ దాన్ని ఆలివ్ నూనెలో కలిపి, గుండె మార్పిడి చేసిన ఎలుకలకు ఇచ్చారు. గుండెలు నిలిచాయి. 1978లో కాల్నే మనుషులకు వాడారు. 1983లో వెలువడిన యూరప్ పరీక్ష ఫలితాల్లో ఏడాది తర్వాత పని చేస్తున్న కిడ్నీలు పాత మందులతో 52 శాతం, సైక్లోస్పోరిన్‌తో 72 శాతం. అదే ఏడాది అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది.

అంటే మందు మార్కెట్లోకి వచ్చేసింది. కానీ కణం లోపల అది దేన్ని పట్టుకుంటోంది? ఎవరికీ తెలియదు!

రెండు ల్యాబ్‌లు.. ఒకే ప్రోటీన్

1984లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో రాబర్ట్ హ్యాండ్‌షూమాకర్ బృందం జవాబు పట్టుకుంది. సైక్లోస్పోరిన్ గట్టిగా అతుక్కునే ప్రోటీన్‌ను పశువుల థైమస్ గ్రంథి నుంచి వేరు చేసింది. సైక్లోస్పోరిన్ అంటే ఇష్టపడేది కాబట్టి సైక్లోఫిలిన్ అని పేరు పెట్టారు. పాపం, దాని సొంత ఉద్యోగం ఏంటో తెలియక అతుక్కునే మందు పేరే దానికి తగిలించారన్నమాట.

సరిగ్గా అదే ఏడాది, అప్పటి తూర్పు జర్మనీలోని హాలే నగరంలో గుంటర్ ఫిషర్ బృందం వేరే పనిలో ఉంది. ప్రోటీన్లు మడత పడటాన్ని వేగవంతం చేసే ఒక ఎంజైమ్‌ను పంది కిడ్నీలో కనిపెట్టింది. మధ్యలో ఇనుప తెర. ఇటు మందుల పరిశోధన, అటు ఎంజైముల రసాయనం. రెండు బృందాలకూ తాము పట్టుకున్నది ఒకటేనని తెలియదు. ఐదేళ్లు గడిచాక, 1989లో ఆ రెండూ ఒకే ప్రోటీన్ అని తేలింది.

సైక్లోఫిలిన్ సొంత ఉద్యోగం ఏంటి?

ప్రోటీన్ అంటే ఒక పూసల దండ అనుకోండి. ఒక్కో పూస ఒక్కో అమైనో ఆమ్లం. దండ తయారైతే చాలదు. అది సరైన ఆకారంలోకి మడత పడాలి, అప్పుడే పని చేస్తుంది. మిగతా పూసలన్నీ దాదాపు తేలిగ్గానే సర్దుకుంటాయి. ప్రోలీన్ అనే పూస మాత్రం మొండిది. దాని ముందున్న ముడి రెండు రకాలుగా ఉండొచ్చు. సాగదీసినట్టు ఒకటి, వెనక్కి మెలితిప్పినట్టు ఒకటి. ఒక రకం నుంచి ఇంకో రకానికి తనంతట తాను మారాలంటే సెకన్లు, ఒక్కోసారి నిమిషాలు పడుతుంది. కణం లెక్కలో అది చాలా ఎక్కువ టైమ్. సైక్లోఫిలిన్ వచ్చి ఆ ముడిని పట్టుకుని చటుక్కున తిప్పేస్తుంది. తిప్పాక వదిలేసి ఇంకో దాని దగ్గరికి పోతుంది.

మనిషిలో ఇలాంటి సైక్లోఫిలిన్లు 17 రకాలు. అందరికన్నా ఎక్కువగా కనిపించేది సైక్లోఫిలిన్-ఏ. 165 పూసల చిన్న ప్రోటీనే అయినా, కణద్రవంలో ఎక్కడ చూసినా ఉంటుంది. బీ రకం ప్రోటీన్లు తయారయ్యే కార్ఖానాలో, డీ రకం మైటోకాండ్రియాలో ఉంటాయి. బ్యాక్టీరియా దగ్గర నుంచి మొక్కలు, ఈగల దాకా ఈ కుటుంబం లేని జీవులు అరుదు.

ఇంత ముఖ్యమైనదైతే, అది లేకుండా ప్రాణం నిలవదు కదా? ఇక్కడే శాస్త్రవేత్తలకు షాక్ తగిలింది. 1997లో ఈస్ట్ కణాల్లో ఉన్న ఎనిమిది సైక్లోఫిలిన్లనూ, వాటితో పాటు ఇదే పని చేసే మరో కుటుంబంలోని నాలుగు ప్రోటీన్లనూ.. మొత్తం 12 తీసేశారు. అయినా ఈస్ట్ బతికింది. సైక్లోఫిలిన్-ఏ లేని ఎలుకలు కూడా పుట్టాయి, పెరిగాయి. ఉంటే పని సాఫీగా సాగుతుంది, లేకపోయినా బండి ఆగిపోదు. మందుల కోణంలో చూస్తే ఇది శుభవార్తే. దీన్ని అడ్డుకున్నంత మాత్రాన మనిషికి ప్రాణాపాయం ఉండకపోవచ్చని అర్థం.

మందు నిజంగా కొట్టేది ఎవర్ని?

1989లో మొదట అందరూ అనుకున్నది ఇదీ: సైక్లోస్పోరిన్ వెళ్లి సైక్లోఫిలిన్ పనిని ఆపేస్తుంది, అందుకే రక్షణ వ్యవస్థ చల్లబడుతుంది. వినడానికి సరిగ్గానే ఉంది. కానీ అది తప్పు.

అదే ఏడాది బూజు, ఈస్ట్‌లపై చేసిన ప్రయోగాల్లోనే తేడా కనిపించింది. సైక్లోస్పోరిన్ వాటిని చంపుతుంది. కానీ సైక్లోఫిలిన్ లేని రకాలపై ఆ మందు పని చేయలేదు. ఆలోచించండి. సైక్లోఫిలిన్ ఆగిపోవడం వల్లే చావు వస్తుంటే, అసలది లేని కణం ఎప్పుడో చచ్చిపోయి ఉండాలి. కానీ అది హాయిగా ఉంది. అంటే మందు పని చేయాలంటే సైక్లోఫిలిన్ ఉండి తీరాలి!

1991లో స్టువర్ట్ ష్రైబర్ ల్యాబ్‌లో జున్ లియు తదితరులు చిక్కుముడి విప్పారు. మందు, సైక్లోఫిలిన్ అతుక్కుని ఒక జంటగా మారతాయి. ఆ జంట వెళ్లి కాల్సిన్యూరిన్ అనే మూడో ప్రోటీన్‌ను బిగబడుతుంది. గొడ్డలికి తల ఒక్కటే ఉంటే చెట్టు తెగదు, కామా ఒక్కటే ఉన్నా తెగదు. ఇక్కడ మందు తల అయితే, సైక్లోఫిలిన్ దాని కామా.

కాల్సిన్యూరిన్‌ను ఎందుకు పట్టుకోవాలి? శత్రువు కనపడగానే టీ-కణాల్లో కాల్షియం పెరుగుతుంది. కాల్సిన్యూరిన్ మేల్కొంటుంది. అది ఎన్‌ఫాట్ అనే మరో ప్రోటీన్‌ను కేంద్రకంలోకి పంపుతుంది. అక్కడ ఇంటర్‌ల్యూకిన్-2 జన్యువు ఆన్ అవుతుంది. ‘అందరూ రండి, దాడి మొదలుపెడదాం’ అనే పిలుపు లాంటిది అది. కాల్సిన్యూరిన్ బందీ అయితే ఆ పిలుపే వెళ్లదు. కొత్త కిడ్నీ బతికిపోతుంది.

ఇప్పుడు మన దగ్గర చాలామంది మార్పిడి రోగులు వాడుతున్నది టాక్రోలిమస్. అది 1984లో జపాన్‌లోని సుకుబా ప్రాంతపు మట్టిలో ఉన్న బ్యాక్టీరియా నుంచి దొరికింది. దాని రూపం వేరు, అది అతుక్కునే ప్రోటీన్ కూడా వేరు. కానీ ఆ రెండో ప్రోటీన్ చేసేదీ ప్రోలీన్ ముడి తిప్పే ఉద్యోగమే. ఆ జంట వెళ్లి పట్టుకునేదీ కాల్సిన్యూరిన్‌నే. ఒకటి నార్వే బూజు, ఒకటి జపాన్ బ్యాక్టీరియా. రెండూ ఒకే ఎత్తు వేశాయి!

కిడ్నీని కాపాడే మందే కిడ్నీని దెబ్బతీస్తుందా?

అవును, తీస్తుంది. ఈ విషయాన్ని కాల్నే మొదటి రోగుల్లోనే గమనించారు. కారణం ఇప్పుడు సులువుగానే అర్థమవుతుంది. కాల్సిన్యూరిన్ టీ-కణాల్లో మాత్రమే ఉండదు, కిడ్నీలోనూ మెదడులోనూ ఉంటుంది. మందుకు ‘ఇక్కడ పట్టుకో, అక్కడ వద్దు’ అని చెప్పే వీల్లేదు. కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నటి నాళాలు బిగుసుకుంటాయి. బీపీ పెరుగుతుంది. చేతులు వణకడం, చిగుళ్లు ఉబ్బడం, ఒంటి మీద వెంట్రుకలు ఎక్కువగా రావడం.. సైక్లోస్పోరిన్ వాడినవాళ్లకు ఇవి తెలిసిన బాధలే. డోసు తక్కువైతే తిరస్కరణ, ఎక్కువైతే విషం. ఆ రెండింటి మధ్య దారి చాలా ఇరుకు.

అయితే ఇందులోనే ఒక ఆశ దాగుంది. రక్షణ వ్యవస్థ తగ్గడం, కిడ్నీ దెబ్బతినడం కాల్సిన్యూరిన్ వల్ల. సైక్లోఫిలిన్‌ను ఆపడం వల్ల కాదు. మరి సైక్లోఫిలిన్‌కు మాత్రమే అతుక్కుని, కాల్సిన్యూరిన్ జోలికి వెళ్లని మందు తయారు చేస్తే? ఆ ప్రశ్నే శాస్త్రవేత్తలను వైరస్‌ల వైపు నడిపించింది.

హెచ్‌ఐవీకి దొరికిన తొడుగు

1993లో జెరెమీ లూబన్, స్టీఫెన్ గాఫ్ బృందం హెచ్‌ఐవీ ప్రోటీన్‌కు మన కణంలో ఎవరెవరు అతుక్కుంటారో వెతికింది. దొరికింది సైక్లోఫిలిన్! వైరస్ తన జన్యువులను క్యాప్సిడ్ అనే గుల్లలో దాచుకుని కణంలోకి వస్తుంది. ఆ గుల్ల మీద బయటికి పొడుచుకొచ్చిన ఒక వంకీలో ప్రోలీన్ ఉంటుంది. సైక్లోఫిలిన్-ఏ వచ్చి అక్కడ కూర్చుంటుంది.

దీని వల్ల వైరస్‌కు లాభమేంటి? దీనికి జవాబు రావడానికి పాతికేళ్లు పట్టింది. మన కణాల్లో ట్రిమ్-5 అనే కాపలాదారు ఉంటాడు. బయటి నుంచి వచ్చిన గుల్లలను గుర్తుపట్టి పడగొట్టడం అతని పని. గుల్ల మీద సైక్లోఫిలిన్ కప్పుకుని ఉంటే కాపలాదారు సరిగ్గా పట్టుకోలేడు. మనింటి చొక్కా వేసుకుని దొంగ లోపలికి వచ్చినట్టన్నమాట.

ఇక్కడ ప్రకృతి ఇచ్చిన ట్విస్ట్ అదిరిపోతుంది. దక్షిణ అమెరికాలో గుడ్లగూబ కోతులు ఉంటాయి. వాటి కణాల్లో హెచ్‌ఐవీ నిలవదు. ఎందుకో 2004లో లూబన్ ల్యాబ్ తేల్చింది. ఎప్పుడో వాటి పూర్వీకుల్లో సైక్లోఫిలిన్-ఏ జన్యువు నకలు ఒకటి ఎగిరి వెళ్లి, సరిగ్గా ట్రిమ్-5 జన్యువులో పడింది. దాంతో కాపలాదారు చేతికే సైక్లోఫిలిన్ వచ్చింది. వైరస్ ఏ ప్రోటీన్‌ను తొడుగుగా వాడుకుందో, అదే ఇప్పుడు దాన్ని పట్టుకునే కొక్కెం. ఆ కోతుల కణాలకు సైక్లోస్పోరిన్ ఇస్తే కొక్కెం మూసుకుపోతుంది, హెచ్‌ఐవీ మళ్లీ లోపలికి దూరుతుంది. ఆసియాలోని కొన్ని మకాక్ కోతుల్లోనూ ఇలాంటి కలయికే విడిగా జరిగిందని 2008లో తెలిసింది.

మందు దాకా వచ్చి ఆగిపోయిన ప్రయత్నం

హెచ్‌ఐవీ విషయంలో ఇది ప్రధాన చికిత్సగా మారలేదు. హెపటైటిస్-సి విషయంలో మాత్రం దాదాపు మారింది. సైక్లోస్పోరిన్ ఈ వైరస్ ఎదుగుదలను ఆపుతోందని 2003లో జపాన్ పరిశోధకులు చూపించారు. ఈ వైరస్ తన కాపీలు చేసుకోవడానికి సైక్లోఫిలిన్-ఏ సాయం కావాలి. కానీ లివర్ రోగి రక్షణ వ్యవస్థను ఎవరు అణచాలనుకుంటారు? అందుకే కాల్సిన్యూరిన్‌ను ముట్టని అలిస్పోరివిర్ అనే మందు తయారైంది. దీని గొప్పతనం ఏంటంటే.. వైరస్‌ను కాకుండా మన ప్రోటీన్‌ను పట్టుకుంటుంది కాబట్టి, వైరస్ రూపం మార్చుకుని తప్పించుకోవడం కష్టం.

మూడో దశ పరీక్షల దాకా వచ్చింది. 2012 ఏప్రిల్‌లో, ఇంటర్‌ఫెరాన్‌తో కలిపి వాడిన రోగుల్లో పాంక్రియాటైటిస్ కేసులు బయటపడ్డాయి. ఒకరు చనిపోయారు. ఎఫ్‌డీఏ బ్రేక్ వేసింది. మరుసటి ఏడాది డిసెంబర్‌లో సోఫోస్బువిర్‌కు అనుమతి వచ్చింది. నోటి మాత్రలతోనే జబ్బు నయమయ్యే కాలం మొదలయ్యాక అలిస్పోరివిర్‌ను అడిగేవాళ్లు లేకుండా పోయారు. ఆలోచన తప్పు కాదు, టైమ్ కలిసి రాలేదు.

గుండెపోటు దగ్గర ఏమైంది?

గుండెపోటులో మూసుకుపోయిన రక్తనాళాన్ని స్టెంట్‌తో తెరుస్తారు. రక్తం ఒక్కసారిగా దూసుకొస్తుంది. ఇబ్బంది ఏంటంటే, ఆ క్షణంలోనే కొన్ని కణాలు చనిపోతాయి. కాల్షియం పోటెత్తి మైటోకాండ్రియా పొరలో ఒక రంధ్రం తెరుచుకుంటుంది. ఆ రంధ్రం తెరుచుకోవడానికి తోడ్పడేది సైక్లోఫిలిన్-డీ. 2005లో ఈ ప్రోటీన్ లేని ఎలుకలను తయారు చేసి చూస్తే, రక్తం ఆగి మళ్లీ వచ్చినప్పుడు వాటి గుండె కండరం తక్కువగా దెబ్బతింది.

2008లో ఫ్రాన్స్‌లో 58 మంది రోగులపై పరీక్ష చేశారు. స్టెంట్‌కు ముందు ఒక్క సైక్లోస్పోరిన్ ఇంజెక్షన్ ఇస్తే గుండె దెబ్బ తగ్గినట్టు కనిపించింది. డాక్టర్లు ఎగిరి గంతేశారు. తర్వాత 970 మందితో సర్కస్ అనే పెద్ద పరీక్ష జరిగింది. 2015లో ఫలితం వచ్చింది. ఏడాదిలో మరణం, గుండె బలహీనపడటం లాంటి చెడు ఫలితాలు మందు తీసుకున్నవాళ్లలో 59.0 శాతం, తీసుకోనివాళ్లలో 58.1 శాతం. తేడా ఏమీ లేదు. ఎలుకల్లో బాగుంది, 58 మందిలో బాగుంది అన్నంత మాత్రాన నమ్మేయకూడదని వైద్య విద్యార్థులకు ఇప్పటికీ చెప్పే ఉదాహరణల్లో ఇదొకటి.

ఎముకలు, కీళ్లు, ఓ గుర్రం

బీ రకం పని ఎముకల్లో తెలుస్తుంది. ఎముకకు బలమిచ్చే కొలాజెన్ నిండా ప్రోలీన్లే. వాటిని సరిగ్గా సర్దేందుకు సైక్లోఫిలిన్-బీ కావాలి. తల్లిదండ్రులిద్దరి నుంచీ పాడైన జన్యువు వస్తే బిడ్డకు ఆస్టియోజెనెసిస్ ఇంపర్‌ఫెక్టా, అంటే చిన్న దెబ్బకే ఎముకలు విరిగే జబ్బులో ఒక అరుదైన రకం వస్తుంది. ఇద్దరి నుంచీ రావాల్సిన ఇలాంటి జబ్బుల అవకాశం మేనరికాల్లో పెరుగుతుందన్నది తెలిసిందే. అమెరికన్ క్వార్టర్ హార్స్ జాతి గుర్రాల్లో ఇదే జన్యువులో ఇంకో లోపం ఉంది. వాటికి ఎముకలు కాదు, చర్మం చెడుతుంది. జీను వేసిన చోట తోలు చిరిగి ఊడిపోతుంది.

కణం దాటి బయటికొస్తే సైక్లోఫిలిన్-ఏ వేషం మారుస్తుంది. వాపు ఉన్నచోటుకు తెల్ల రక్తకణాలను పిలుస్తుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ రోగుల కీళ్ల ద్రవంలో ఇది కనిపించింది. దీన్ని బయటే ఆపే మందుల కోసం ప్రయత్నాలు నడుస్తున్నాయి.

మాత్ర వేసుకునేవాళ్లు తెలుసుకోవాల్సింది

సైక్లోస్పోరిన్ అయినా, టాక్రోలిమస్ అయినా లివర్‌లోని ఒకే ఎంజైమ్ చేతిలో అరిగిపోతాయి. ఆ ఎంజైమ్‌ను కదిపే ఏ మందు వేసుకున్నా లెక్క తప్పుతుంది. మన దగ్గర అన్నిటికన్నా పెద్ద ప్రమాదం టీబీ మందు రిఫాంపిసిన్. అది ఎంజైమ్‌ను రెచ్చగొడుతుంది, రక్తంలో మందు లెవెల్ పడిపోతుంది, కిడ్నీ తిరస్కరణకు దారి తీస్తుంది. మార్పిడి రోగికి టీబీ వస్తే, మందులు మొదలుపెట్టే ముందే ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్‌కు చెప్పాల్సిందే.

దీనికి రివర్స్‌లో పని చేసేవీ ఉన్నాయి. ఫంగస్‌కు ఇచ్చే ఫ్లూకొనజోల్, ఇన్ఫెక్షన్‌కు ఇచ్చే క్లారిత్రోమైసిన్ లెవెల్‌ను పెంచేస్తాయి. గ్రేప్‌ఫ్రూట్ కూడా అంతే. దాని దగ్గరి చుట్టమైన పంపర పనస విషయంలోనూ జాగ్రత్త అవసరం. బీపీకి వాడే డిల్టియాజెమ్ సైతం లెవెల్ పెంచుతుంది. ఖర్చు తగ్గించడానికి మన దేశంలో కొందరు డాక్టర్లు దాన్ని కావాలనే కలిపి, సైక్లోస్పోరిన్ డోసు తగ్గించేవారు. అది డాక్టర్ లెక్క వేసి చేసే పని. మెడికల్ షాపులో అడిగి సొంతంగా చేసేది కాదు.

ఇక లెవెల్ టెస్ట్. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. సాధారణంగా ఉదయం డోసుకు ముందు, అంటే రాత్రి వేసుకున్న మాత్రకు 12 గంటలు నిండాక రక్తం తీస్తారు. సైక్లోస్పోరిన్‌కైతే కొన్ని ఆస్పత్రులు మాత్ర వేసుకున్న 2 గంటలకు చూస్తాయి. ఏ టైములో ఇవ్వాలో ముందే అడిగి తెలుసుకోవాలి. డోసుకు ముందు టెస్ట్ అని చెబితే, ఆ ఉదయం మాత్ర వేసుకోకుండా డబ్బాను వెంట తీసుకెళ్లి, రక్తం ఇచ్చిన వెంటనే అక్కడే వేసుకోవాలి.